తాతయ్య ర్యాలీ సైకిలు: కొత్త రంగు వేయించాలా, ఉన్నదున్నట్టు తొక్కుకోవాలా?

లొల్ల కుర్రాడు:

అందరికీ నమస్కారమండి. మాది ఆత్రేయపురం దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఉద్యోగం, సంక్రాంతికి వచ్చి ఇంకో పది రోజులు సెలవు పొడిగించుకున్నాను. పండక్కి ముందు పశువుల పాక శుభ్రం చేస్తుంటే ధాన్యం బస్తాల వెనకాల గోడకి చేరేసి, మీద గోనె కప్పి, మా తాతయ్య సైకిలు కనపడింది. తాతయ్య పోయి పంతొమ్మిదేళ్లు. అప్పట్నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, పాత ఇనుముకి వేసేద్దామని నాన్న అన్నప్పుడల్లా మా మామ్మ అడ్డుపడిందట. "మా నాన్న పెట్టిన సైకిలు, నేనుండగా కదలదు" అనేదట. తాతయ్యకి పెళ్లిలో అత్తవారు పెట్టింది మరి.

నల్ల సైకిలు, 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, తోలు సీటు, చైను మీద సగం రేకు. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే ముందు బిళ్ల మీద ర్యాలీ, నాటింగ్‌హామ్, ఇంగ్లండ్ అని బయటపడింది. చిన్నప్పుడు మేమంతా దీన్ని మా పక్కనున్న ర్యాలిలోనే, అదే జగన్మోహినీ కేశవస్వామి గుడి ఉన్న ర్యాలిలోనే తయారుచేశారని గట్టిగా నమ్మేవాళ్లం.

టైర్లు బీటలు వారిపోయాయి. ఊళ్లో సైకిల్ షాపాయన కొత్త టైర్లు, ట్యూబులు వేసి, చైనుకి ఆయిల్ పెట్టి ఇచ్చారు. నిన్న సాయంత్రం ఊరికే సందు చివరిదాకా అని ఎక్కినవాణ్ణి లొల్ల లాకుల దాకా వెళ్లిపోయాను! ఎలా చెప్పాలో తెలీడం లేదు. ఎక్కి కూర్చోగానే నడుము దానంతటదే నిటారుగా అయింది, చేతుల మీద బరువన్నదే లేదు. హైదరాబాద్‌లో నాకు 21 గేర్ల సైకిలుంది, దాని మీదున్నంతసేపూ నా కళ్లు ముందు చక్రానికి నాలుగు గజాల అవతలే ఉంటాయి. దీని మీద చేలు కనపడ్డాయి. దాళ్వా నాట్లు వేస్తున్నవాళ్లు నడుం ఎత్తి చూడటం కనపడింది, ఒకావిడ "ఎవరబ్బాయివి బాబూ, ఆ సైకిలు పెద్దాయనది కదా" అని గట్టు కిందనుంచే కేకేసి అడిగారు. గతుకుల్లో చక్రం ఎగిరిపడదు, మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది, పడవ ఎక్కినట్టుంది.

ఇప్పుడు నా సందేహాలు. ఒకటి, టౌన్‌లో ఒక పెయింటు షాపువాళ్లు పాత రంగంతా గీకేసి, కొత్త నలుపు కొట్టి, షోరూములోంచి దింపినట్టు ఇస్తామంటున్నారు. చేయించమంటారా? రెండు, తొక్కుతుంటే వెనక చక్రంలోంచి టిక్ టిక్ టిక్ అని సన్నటి చప్పుడు ఆగకుండా వస్తోంది, పైగా బాగా బరువుగా లాగుతోంది. కుడివైపు యాక్సిల్ చివర్నుంచి చిన్న గొలుసు ముక్క వేలాడుతోంది, దానికి ఏదీ తగిలించి లేదు. ఏమైనా విరిగిందా? షాపాయన "అది తీసేసి మామూలు ఫ్రీవీల్ వేసేద్దాం" అన్నారు. నేను ఆగమన్నాను.


ధవళేశ్వరం మాస్టారు:

బాబూ, ఆగమన్నావు, చాలా మంచి పని చేశావు. వెనక చక్రం మధ్యనున్న ఆ డబ్బాని హబ్ అంటారు, దాన్ని ఎవరి చేతా విప్పించకు. ఏదీ విరగలేదు.

అది స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్. గేర్లన్నీ ఆ డబ్బా లోపలే ఉంటాయి, దుమ్ము పోదు, వాన తడవదు. ఆ వేలాడే గొలుసుకి కేబులు తగిలించి, హ్యాండిల్ మీద లివరుతో లాగితే గేరు మారుతుంది. కేబులు తెగిపోతే హబ్ దానంతటదే మూడో గేరులో ఉండిపోతుంది. మూడోది అసలు గేరు, అంటే రెండోదాని కంటే మూడో వంతు ఎక్కువ, అందుకే నీకు బరువుగా లాగింది. నువ్వు అంత దూరం మూడో గేరులోనే తొక్కావన్నమాట! మొదటిది ముప్పాతిక వంతు, సముద్రం గాలి ఎదురైనప్పుడూ వంతెన ఎక్కేటప్పుడూ దాని విలువ తెలుస్తుంది. టిక్ టిక్ అంటావా, అది దాని మాట. రెండు, మూడు గేర్లలో ఆ చప్పుడు ఉండాలి, మొదటి గేరులో తొక్కేటప్పుడు ఉండదు. చప్పుడు పోయిన రోజున కంగారుపడాలి.

ఇప్పుడొక పని చెయ్యి. హబ్ మీద పేరుకున్న జిడ్డు తుడిచి చూడు. ఏడబ్ల్యూ అన్న అక్షరాలు, వాటి పక్కన అంకెలు కొట్టి ఉంటాయి. ఆ అంకెలు హబ్ తయారైన సంవత్సరం, నెల. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే లెక్కతో సరిపోతుందేమో చూసుకో, నాకూ చెప్పు. హబ్ మధ్యలో చిన్న మూత ఉంటుంది, అది తీసి పల్చని మెషిన్ ఆయిల్ ఒక టీ చెంచాడు పోసి చక్రం తిప్పు. కొబ్బరినూనె మాత్రం పొయ్యొద్దు. మనవైపు అన్నిటికీ అదే మందు కదా, కానీ లోపల బంకలా గట్టిపడి పళ్లు అతుక్కుపోతాయి. సీటుకీ పొయ్యకు, తోలు మెత్తబడి ఉయ్యాలలా సాగిపోతుంది. సీటు ముక్కు కింద ఒక నట్టుంటుంది, తోలు వదులైతే దాన్ని పావు చుట్టు బిగిస్తే చాలు.

కేబులు వేశాక లివరు మధ్య గేరులో పెట్టు. కుడివైపు పెద్ద నట్టుకి కిటికీలాంటి కంత ఉంటుంది. అందులోంచి చూస్తే గొలుసు పట్టుకున్న సన్న కడ్డీ కనపడుతుంది. ఆ కడ్డీ లావు భాగం యాక్సిల్ కొసతో సరిగ్గా సమానంగా ఉండాలి, వెంట్రుకవాసి కూడా లోపలికి పోకూడదు, బయటికి రాకూడదు. తేడా ఉంటే రెండో గేరుకీ మూడో గేరుకీ మధ్య పెడల్ ఒక్కసారిగా ఖాళీగా జారిపోతుంది, నిలబడి తొక్కుతున్నప్పుడు అలా జారితే ముందు బారు మీద పడతావు. నేను పడ్డాను, అందుకే ఇంతగా చెబుతున్నాను. విడిభాగాల గురించి టెన్షన్ వద్దు. ఆ కంపెనీ 2000లో తైవాన్ వాళ్ల చేతికి పోయింది, గొలుసు, కేబులు ఇప్పటికీ దొరుకుతాయి, తెప్పించుకోవచ్చు. 28 ఒకటిన్నర టైర్లంటావా, మన దేశంలో పాలవాళ్లూ చేపలవాళ్లూ తొక్కే సైకిళ్లన్నీ అవే, ఏ ఊళ్లోనైనా ఉంటాయి.

ఇంకో మాట. ఆ సైకిలు మన గట్ల మీద ఎందుకంత హాయిగా పోతుందో నేను చాలాసార్లు ఆలోచించాను. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలవి, నీళ్లు వాటంతటవే పల్లానికి పారాలి కాబట్టి మైళ్ల తరబడి వాలు తెలియనంత సన్నగా ఉంటుంది. గట్టు కూడా దాని పక్కనే అలాగే పోతుంది. ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు. బరువైన సైకిలుకి కావలసింది అదే. ఒకసారి ఊపందుకుంటే ఆ బరువే దాన్ని తోసుకుపోతుంది. పాత ఫ్రేముల్లో ముందు ఫోర్కు బాగా వాలుగా, కొస ముందుకి వంగి ఉంటుంది, రెండు చక్రాల మధ్య దూరమూ ఎక్కువ. నువ్వు పడవ అన్నది అందుకే.

ఇక ర్యాలీ మాట. నాటింగ్‌హామ్‌లో ర్యాలీ అనే వీధిలో మొదలైన కంపెనీ అది, పేరు అలా వచ్చింది. మన బ్యారేజీ నాలుగు భాగాల్లోనూ ఒకదాని పేరు ర్యాలి, కాబట్టి మీ చిన్నప్పటి నమ్మకం మరీ దూరంగా ఏమీ లేదు.


నరసాపురం అమ్మాయి:

మాస్టారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతానండి. కడ్డీ బ్రేకుల గురించి ఎవరూ చెప్పలేదు. అవి లోపలినుంచి పైకి లాగి రిమ్ముకి రబ్బరు ఆనిస్తాయి, ఎండలో బాగానే పనిచేస్తాయి. వాన పడిందా, ఇనుప రిమ్ము తడిసిపోయి సబ్బు మీద చెయ్యేసినట్టు జారిపోతాయి. తడిరోజున ఆగాలనుకున్న చోటికి ముందుగానే బ్రేకు మెల్లగా ఆనించి రిమ్ము తుడవనివ్వాలి, ఆ తర్వాతే గట్టిగా నొక్కాలి. చించినాడ వంతెన దిగేటప్పుడు ఇది నాకు బాగా అర్థమైంది.

నాది మా అమ్మ సైకిలు, లేడీస్ ఫ్రేము. అమ్మ నర్సు. రోజూ నరసాపురం రేవులో సైకిలుతో పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగి, అక్కణ్ణుంచి పల్లెలు తిరిగేది. వెనక చక్రానికి చీర చిక్కుకోకుండా రెండువైపులా జల్లెడ, చైనంతా మూసిన రేకు. ఆ రోజుల్లో సైకిలు తొక్కే ఆడమనిషి అంటే జనం గుమ్మాల్లోకి వచ్చి చూసేవారట. అమ్మ మాత్రం "వాళ్లు చూసేలోపు నేను దాటిపోయేదాన్ని" అనేది. ఇప్పుడు నేను ఆదివారాలు అదే దారిన వెళ్తాను. పంటు మీద సైకిలు పట్టుకుని నిలబడితే ఒక్కరైనా వచ్చి సీటు తడిమి చూడకుండా ఉండరు. మొన్న ఒక పెద్దాయన బెల్లు ఒక్కసారి కొట్టనిమ్మని అడిగారు, కొట్టి ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయారు.

సముద్రం దగ్గర ఉప్పుగాలికి తుప్పు చాలా తొందరగా పడుతుందండి. తిరిగొచ్చాక పొడిగుడ్డతో ఒకసారి, ఆయిల్ గుడ్డతో ఒకసారి తుడుస్తాను, పది నిమిషాల పని. క్రోము మీద తుప్పుకి బిర్యానీ పార్సిల్ చుట్టిన అల్యూమినియం కాగితం ఉండ చేసి నీళ్లలో ముంచి రుద్దండి, హ్యాండిల్ మెరుస్తుంది. ఇసుక కాగితం వద్దు, క్రోము గీతలు పడితే మళ్లీ వారంలో తుప్పే.


మండపేట బాబాయ్:

తమ్ముడూ, రంగు సంగతి నన్ను అడుగు. నేను చేయించి ఏడ్చినవాణ్ణి.

మా నాన్నగారిది కూడా ర్యాలీయే, కాకపోతే ఇది మన దేశంలోదే, సెన్-ర్యాలీ, ఆసన్‌సోల్‌లో చేసింది. 86 వరదలో మా మేనత్తగారి ఊళ్లో మూడు రోజులు నీళ్లలో ఉండి కూడా బతికింది. మడ్‌గార్డ్ అంచుల్లో ఒండ్రుమట్టి ఎండిపోయి ఉండేది, నాన్న పుల్లతో గీకి చూపించేవారు, ఇదిగో గోదావరి అని. నాన్న పోయాక గౌరవంగా చూసుకోవాలని ఒక షాపులో ఇచ్చాను. వాళ్లు యాసిడ్‌లో ముంచి, ఇసుక కొట్టి, కారు రంగు వేసి ఇచ్చారు. అద్దంలా ఉంది. మడ్‌గార్డ్ మీద బంగారు రంగు గీత ఒకటి ఉండేది, కుంచె పట్టి చేత్తో గీసింది, ఒకచోట లావు ఒకచోట సన్నం. అది పోయింది. బారు మీద నాన్న కుడి మోకాలు రాసుకుని రాసుకుని రంగు పోయి ఇనుము నున్నబడిన చోటు ఉండేది, అరచెయ్యంత. అదీ పోయింది. మట్టీ పోయింది. ఇప్పుడది ఎవరి సైకిలో నాకే తెలియడం లేదు. మెరుపు పోతుందేమోనని తొక్కబుద్ధి కూడా కాదు, హాల్లో పెట్టాను, చుట్టాలు వచ్చి ఫొటోలు తీసుకుంటారు.

పాత నలుపు కొలిమిలో కాల్చిన ఎనామెల్, గట్టిది. కిరసనాయిలుతో జిడ్డు తీసి, మెత్తటి గుడ్డతో మైనం పట్టించు, చాలు. ఇనుము బయటపడిన చోట ఆయిల్ రాస్తూ ఉండు. మరీ చిల్లులు పడుతున్నచోట మటుకు చిన్న కుంచెతో అంత మేరే వెయ్యి, అది తప్పు కాదు. చక్రాల పుల్లలు తుప్పు తిని ఉంటే అవి మార్చు, ప్రాణం మీదికొచ్చే వాటి దగ్గర పాతదనం చూసుకోకు. పుల్లలు, బ్రేకు కట్టలు, పెడల్ చేతిని (క్రాంకుని) యాక్సిల్‌కి బిగించే కాటర్ పిన్నులు, ఈ మూడూ.

కాటర్ పిన్ను తీయించేటప్పుడు పక్కనే నిలబడు. ముందు రోజు రాత్రి ఆయిల్ పోసి వదిలెయ్యి. నట్టు పూర్తిగా తీసేయకుండా మర కొసదాకా తిప్పి ఆపమను, లేకపోతే దెబ్బకి మర పాడవుతుంది. క్రాంకు కింద ఇనుప గొట్టం నేలకి ఆనించి పెట్టి అప్పుడు కొట్టాలి, ఒకే దెబ్బ. కింద ఆసరా లేకుండా కొడితే ఆ దెబ్బంతా లోపలి గోళీల మీద పడుతుంది. ఎడమ పెడల్‌ది ఎదురు మర, అది కూడా గుర్తుచెయ్యి. ఇంగ్లండ్ ర్యాలీకి క్రాంకుల మధ్య యాక్సిల్ తిరిగే గిన్నెల మర వేరు, అంగుళానికి 26. మామూలుగా వచ్చే 24 మర గిన్నె బలవంతంగా ఎక్కిస్తే ఫ్రేమే పోతుంది.


లొల్ల కుర్రాడు:

మాస్టారూ, అక్కా, బాబాయ్, ముగ్గురికీ చాలా థాంక్సండి. రంగు వేయించడం లేదు, పెయింటు షాపుకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను.

హబ్ తుడిచానండి. ఏడబ్ల్యూ, దాని పక్కన 54, మళ్లీ 8. మామ్మని పెళ్లెప్పుడని అడిగితే సంవత్సరం చెప్పలేదు, "ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రెండో ఏడు మాఘమాసం" అంది. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరులో వచ్చింది, అంటే 55 మొదట్లో పెళ్లి. 54 ఆగస్టులో నాటింగ్‌హామ్‌లో తయారైన హబ్ ఓడెక్కి వచ్చి మాఘమాసానికి మా మామ్మ పుట్టింటి అరుగు మీద ఉందన్నమాట. ఆ అంకెలు వేలితో తడుముతూ చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఇంకోటి దొరికింది. పెడల్ దగ్గర పెద్ద పళ్లచక్రం మీద అరంగుళం మందాన జిడ్డు గట్టిపడి ఉంది, స్క్రూడ్రైవరుతో గీకి, కొబ్బరిపీచు కిరసనాయిల్లో ముంచి తోమితే లోపల మూడు పక్షి తలలు, పొడుగు ముక్కులు! ఇనుములోనే కోసి చేశారు. తొక్కుతుంటే ఒకదాని వెనక ఒకటి తిరుగుతాయి. పక్క చేలో నిజం కొంగలు నిలబడి ఉంటే కింద ఇవి తిరుగుతుంటాయి. మా అమ్మాయి దానికి కొంగల సైకిలు అని పేరు పెట్టేసింది.


ధవళేశ్వరం మాస్టారు:

అది నారాయణపక్షి బాబూ, బూడిదరంగు పెద్ద కొంగ. కంపెనీని పెద్దది చేసిన ఫ్రాంక్ బౌడెన్ ఇంటి గుర్తు అది. ఆయన జబ్బుపడితే డాక్టరు సైకిలు తొక్కమన్నాడనీ, తొక్కి కోలుకుని, ఆ సైకిలు చేసినవాళ్లని వెతుక్కుంటూ వెళ్లి ఆ చిన్న షాపునే కొనేశాడనీ కంపెనీవాళ్లు చెప్పుకునే కథ. 1880ల నాటి మాట. నాకు 61వ ఏట షుగరు వచ్చినప్పుడు మా డాక్టరుగారు నడవమన్నారు, నేను సైకిలు తీశాను, కాబట్టి ఆ కథ నాకు ఇష్టం.

కేబులు వేశావా లేదా అది చెప్పు.


లొల్ల కుర్రాడు:

వేశానండి! కంతలోంచి చూసి కడ్డీ సమానం చేయడానికి గంట పట్టింది, మా నాన్న టార్చిలైటు పట్టుకున్నారు. ఈరోజు తెల్లవారుజామున మంచులో బొబ్బర్లంక దాకా వెళ్లొచ్చాను. రావులపాలెం హైవే వైపు వెళ్లలేదు, లారీలు. గట్టు మీదే పోయాను. వెళ్లేటప్పుడు రెండో గేరు. కాలువ మీద పొగలా మంచు, అవతలి గట్టు కనపడదు, టిక్ టిక్ తప్ప చప్పుడు లేదు, ఎవరో కాలువలో బట్టలు ఉతుకుతున్న దెబ్బలు చాలా దూరం నుంచి వినపడుతున్నాయి. బొబ్బర్లంకలో టీ తాగి బ్యారేజీ ఎక్కి కొంచెం దూరం పోయాను. గోదావరి మీద గాలి ఎదురుకొట్టింది, లివరు మొదటి గేరుకి లాగాను, టిక్ టిక్ ఆగిపోయింది, సైకిలు తేలికైపోయింది. మాస్టారు చెప్పినట్టే. అక్కడ ఆగి గట్టిగా నవ్వేశాను, పక్కనుంచి వెళ్తున్న స్కూటరాయన ఏమైంది బాబూ అని కూడా అడిగారు.

మామ్మ సంగతి చెప్పాలి. ఆవిడకి చూపు సరిగా ఆనదు, అరుగు మీద కూర్చుని ఉంటుంది. నేను గుమ్మం దాకా తొక్కుకుంటూ వచ్చి బ్రేకు వేస్తే, "ఆ సైకిలు అలా తొక్కకూడదురా" అంది. ఏం మామ్మా అంటే, "మీ తాతయ్య చింతచెట్టు మలుపు దగ్గరే కాళ్లు ఆపేసేవారు. అక్కణ్ణుంచి అదే వస్తుంది. ఆ చప్పుడు మలుపులో వినపడితే నేను లేచి కంచం పెట్టేదాన్ని" అంది.

చింతచెట్టు ఇప్పుడు లేదు, ఆ చోట కరెంటు స్తంభం ఉంది. సాయంత్రం మళ్లీ వెళ్లి, వచ్చేటప్పుడు ఆ స్తంభం దగ్గర కాళ్లు ఆపేశాను. సందంతా దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా అరుగు ముందు ఆగింది, బ్రేకు ముట్టుకోలేదు.

రేపు బ్రేకు కట్టలు మార్పిస్తున్నాను. కాటర్ పిన్నుకి ఈ రాత్రే ఆయిల్ పోసి ఉంచాను బాబాయ్, గొట్టం కూడా వెతికి పెట్టుకున్నాను.